ఇంటి యంత్రానికి యజమాని ఎవరు?

ఇంటికి తాళం వేసి, ఆ తాళంచెవిని ముక్కూ ముఖం తెలియని వర్తకుని వద్ద దాచుకొనే గృహస్థు ఎవడూ ఉండడు. కాని చేతిఫోనుతో వెలిగే దీపాలనూ, మాటతో తిరిగే పంకాలనూ కొని తెచ్చుకుంటున్న నేటి కుటుంబాలలో అనేకం తెలియకుండానే ఇంచుమించు ఆ పనే చేస్తున్నాయి. ఇటువంటి పరికరాలలో చాలావాటికి మనమిచ్చే ఆజ్ఞ ఇంటర్నెట్ ద్వారా తయారీదారుని కంప్యూటరుకు చేరి, అక్కడి నుండి మరలి మన గదికి వస్తుంది. గదిలోని మనిషికీ, అదే గదిలోని దీపానికీ నడుమ మూడవవాడు ఒకడు నిలిచి ఉన్నాడన్న మాట.

ఆ మూడవవాడు దుకాణం కట్టివేస్తే ఏమవుతుందో అమెరికాలో రెండు సందర్భాలలో తేటతెల్లమైంది. దాదాపు 300 డాలర్లకు అమ్ముడైన రివాల్వ్ అనే గృహనియంత్రణ పరికరానికి, ఆ సంస్థను కొన్న నెస్ట్ కంపెనీ 2016 మే నెలలో సేవను నిలిపివేసింది. పరికరం చెడిపోలేదు, దానిని నడిపే దూరపు కంప్యూటరు ఆగిపోయింది. అంతటితో అది పనికిమాలిన పెట్టె అయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సంస్థ కంప్యూటర్లు ముందస్తు ప్రకటన లేకుండానే మూగవోయాయి. వినియోగదారులలో కొందరు ఆ ఏడు జూన్‌లో సంస్థను కొని సేవను పునరుద్ధరించారు గాని, అటువంటి అదృష్టం అందరికీ పట్టదు.

దీనికి విరుగుడు చేతికందే దూరంలోనే ఉంది. 2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెర్రీ పై అనే కంప్యూటరు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నుండి 35 డాలర్ల ధరకు వెలువడింది. అరచేతిలో ఇమిడే ఒకే పలకపై కంప్యూటరు అంగాలన్నీ అమర్చడం దాని విశేషం. బాలబాలికలకు యంత్రంతో చనువు కలిగించాలన్నదే దాని నిర్మాతలలో ప్రముఖుడైన ఈబెన్ అప్టన్ తొలి సంకల్పం. మరుసటి ఏడు, 2013లో, పౌలస్ స్కౌట్సెన్ పైథాన్ భాషలో హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేరు రచనకు శ్రీకారం చుట్టారు. అది ఉచితం, దాని మూలరచనను ఎవరైనా చదివి చూడవచ్చు. 2024లో దాని బాధ్యతను లాభాపేక్ష లేని ఓపెన్ హోమ్ ఫౌండేషన్‌కు అప్పగించారు.

ఈ సాఫ్ట్‌వేరును ఆ పలకపై నెలకొల్పడం బ్రహ్మవిద్య కాదు. రాస్ప్‌బెర్రీ పై 4 లేదా 5, దానికి తగిన అడాప్టరు, 32 గిగాబైట్ల మెమొరీ కార్డు, నెట్‌వర్కు తీగ ఉంటే చాలు. వేరొక కంప్యూటరులో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ఉచిత ప్రోగ్రాముతో కార్డుపై హోమ్ అసిస్టెంట్‌ను వ్రాయాలి. కార్డుపై అంతకు ముందున్నదంతా చెరిగిపోతుందని మరువరాదు. ఆ కార్డును పలకలో అమర్చి, తీగను రూటరుకు తగిలించి, కరెంటు ఇచ్చి కొంతసేపు ఓపిక పట్టాలి. పిదప అదే నెట్‌వర్కులోని కంప్యూటరు బ్రౌజరులో హోమ్‌అసిస్టెంట్ డాట్ లోకల్ అనే చిరునామాను 8123 అనే పోర్టు సంఖ్యతో తెరిస్తే స్వాగతపుట ప్రత్యక్షమవుతుంది.

నెలకొల్పడం కన్న నిలుపుకోవడం కష్టం. ఎడతెగని వ్రాతలతో మెమొరీ కార్డు అరిగిపోతుంది. హఠాత్తుగా కరెంటు పోతే అందులోని వ్రాత చెడిపోవచ్చు. కనుక ప్రతిని తీసి మరొకచోట భద్రపరచాలి. అదే కార్డుపై దాచిన ప్రతి కార్డుతోపాటే పోతుంది. 230 వోల్టుల తీగల జోలికి విద్యార్థులు పోరాదు. అది ఎలక్ట్రీషియన్ పని. యంత్రం ఆగినా గోడమీది స్విచ్చి పనిచేసి తీరాలి. అన్నిటికంటె ముఖ్యం, జిగ్‌బీ వంటి పద్ధతులతో ఇంటిలోనే ఆజ్ఞలు స్వీకరించే పరికరాలను ఎన్నుకోవాలి. లేనిచో మన పలక ఉన్నా తయారీదారు నడుమ నుండి తొలగడు.

ఇంతవరకు చెప్పినది బయటివాని సంగతి. ఇక లోపలివాని సంగతి ఆలోచించాలి. హోమ్ అసిస్టెంట్‌లో మొట్టమొదట ఖాతా తెరచినవానికే యజమాని హోదా లభిస్తుంది. సాధారణంగా ఆ పని చేసేది ఇంటిలో చదువుకుంటున్న కుర్రవాడు. తలుపు ఎప్పుడు తెరచుకున్నది, ఏ గదిలో దీపం ఎంతసేపు వెలిగినది మొదలైన వివరాలను, మనం మార్చనంతవరకు, ఆ యంత్రం 10 రోజులపాటు నిలువ ఉంచుతుంది. చెల్లెలు ఏ వేళకు ఇల్లు చేరిందో, అమ్మ రాత్రి ఎన్నిసార్లు లేచిందో అడుగకుండానే తెలిసికొనే శక్తి ఆ కుర్రవానికి సంక్రమిస్తుంది. దూరపు వర్తకుని చూపును తప్పించి, ఆ చూపును మనమే ఇంటివారిపై నిలిపితే సాధించినదేమిటి?

ఉర్దూలో అమానత్ అనే చక్కని మాట ఉంది. నమ్మి అప్పగించినది అని దాని భావం. ఇంటి యంత్రంపై అధికారం అటువంటిదే. దానిని అమర్చే ముందు ఏమేమి నమోదవుతాయో ఇంటిల్లిపాదికీ చెప్పాలి. ఒకరు వద్దన్న గదిలో పరికరం పెట్టరాదు. అక్కరలేని నమోదును నిలిపివేయాలి. సంకేతపదం ఇంటిలో మరొక పెద్దకు కూడ తెలిసి ఉండాలి.

కళాశాల కమిటీకి నా మనవి ఒక్కటే. ఈ విద్యపై ఉపన్యాసాలు ఏర్పాటు చేయడంకన్న, ప్రయోగశాలకు ఒక పలక, ఒక కార్డు, ఒక దీపం ఇప్పించండి. విద్యార్థులు తమ చేతులతో దానిని నెలకొల్పి, చెడగొట్టి, తిరిగి నిలబెట్టనివ్వండి. అటుపిమ్మట యంత్రం ఏమేమి చూస్తుందో, దానిని ఎలా ఆపవచ్చునో తెలిపే ఒక పుటను తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసి దాని పక్కన అతికించమని వారిని కోరండి. యంత్రాన్ని నడపగలవారు కొందరే కావచ్చు. అది తమను గూర్చి ఏమి వ్రాసుకుంటున్నదో తెలిసికొనే హక్కు మాత్రం ఆ కప్పు క్రింద నివసించే ప్రతివారికీ ఉన్నది.