సెలవు బిడ్డకా.. కొలువుకా?

ఒకే కార్యాలయంలో నాలుగు రకాల ప్రసూతి నిబంధనలు
తండ్రి సెలవు పదిహేను రోజులే
పొరుగుసేవల సిబ్బందికి గుత్తేదారే దిక్కు

నరసరావుపేట: ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్నే తీసుకుంటే అందులో శాశ్వత స్టాఫ్‌నర్సు, ఒప్పందంపై చేరిన సాంకేతిక ఉద్యోగిని, పొరుగుసేవల కింద పనిచేసే పారిశుద్ధ్య కార్మికురాలు, పారితోషికంపై ఆధారపడిన ఆశా కార్యకర్త కనిపిస్తారు. నలుగురికీ అందేది ప్రజల సొమ్మే. నలుగురూ ఒకే వైద్యాధికారి ఆదేశాల మేరకు నడుచుకుంటారు. ప్రసవం అయితే మాత్రం సెలవు ఎన్ని రోజులు, ఆ రోజులకు జీతం ఎవరిస్తారు, తిరిగి వచ్చేసరికి కొలువు ఉంటుందా అన్న ప్రశ్నలకు నలుగురికీ నాలుగు సమాధానాలు. మాచర్ల, గురజాల, నరసరావుపేట.. ఎక్కడైనా ప్రభుత్వ కార్యాలయాల్లో ఈ అంతరం ఉన్నదే. వేతనంతో కూడిన సెలవును నియామక పత్రంతో కాక బిడ్డ పుట్టుకతో ముడిపెట్టాలన్న వాదనకు బలం చేకూరుతున్నది ఇందువల్లనే.

శాశ్వత ఉద్యోగినులకు ఊరట

శాశ్వత ఉద్యోగినుల విషయంలో రాష్ట్రం వెనుకబడి లేదు. 120 రోజులుగా ఉన్న ప్రసూతి సెలవును 2010 మే 4న జీవో నంబరు 152 ద్వారా 180 రోజులకు పెంచారు. పిల్లల చదువు, అనారోగ్యం వంటి అవసరాలకు ఉద్దేశించిన శిశు సంరక్షణ సెలవు 60 రోజుల నుంచి 2022 మార్చిలో 180 రోజులకు చేరింది. ఇద్దరు పిల్లల వరకే ప్రసూతి సెలవు అన్న పరిమితిని 2025 మేలో తొలగించారు. అదే నెల 23న తమిళనాడు ప్రభుత్వ ఉపాధ్యాయిని ఒకరి కేసులో తీర్పు వెలువరిస్తూ, ప్రసూతి సెలవు మహిళల పునరుత్పత్తి హక్కుల్లో భాగమని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చెప్పేది ఆమే.. దక్కనిదీ ఆమెకే

శిశువుకు తొలి ఆరు నెలలూ తల్లిపాలు మాత్రమే పట్టాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 180 రోజుల సెలవుకు అసలైన ఆధారం అదే. ఈ మాటను బొల్లాపల్లి, వెల్దుర్తి మండలాల తండాల వరకు మోసుకెళ్లి బాలింతలకు నచ్చజెప్పేది ఆశా కార్యకర్తే. ఆశా వ్యవస్థ 2005లో ఆరంభమైంది. రాష్ట్రంలోని 42 వేల మందికి పైగా ఆశాలకు తొలి రెండు ప్రసవాలకు 180 రోజుల వేతన సెలవు ఇచ్చేందుకు ముఖ్యమంత్రి ఆమోదం లభించింది 2025 మార్చిలో. ఊరి పిల్లలందరి ఆరోగ్యం చూసిన వ్యక్తికి తన బిడ్డను చూసుకునే వెసులుబాటు కోసం రెండు దశాబ్దాలు నిరీక్షించక తప్పలేదు.

చట్టం ఉన్నా చిక్కులే

పొరుగుసేవల సిబ్బందికి ఈఎస్‌ఐ ఆధారం. నెల వేతనం రూ.21 వేలు మించని వారికి 26 వారాల ప్రసూతి భృతి వస్తుంది. కార్మికురాలి వేతనం నుంచి 0.75 శాతం, యాజమాన్యం నుంచి 3.25 శాతం చందా జమ కావాలి. గుత్తేదారు ఆ చందా సకాలంలో కట్టకపోయినా, ఏజెన్సీ మారిన సమయంలో వివరాలు నమోదు కాకపోయినా చిక్కుల్లో పడేది గర్భిణే. చందా జమ అయిందో లేదో తెలుసుకునేసరికి నెలలు నిండుతాయి.

ఒప్పంద ఉద్యోగినుల బెంగ వేరు. ప్రసవ సమయానికి ఒప్పందం గడువు తీరితే పరిస్థితి ఏమిటన్నదే వారి ఆందోళన. గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనాలు ఆగరాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. దిల్లీ నగరపాలక సంస్థలోని దినసరి కూలీలకు సైతం ఈ హక్కు ఉందని 2000లోనే తీర్పునిచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత స్మృతిలోనూ 26 వారాల నిబంధన కొనసాగింది. న్యాయం కాగితంపై ఉంది. అయితే హక్కు కోసం దిల్లీ దాకా వెళ్లే స్తోమత బడిలో వంట చేసే మహిళకు ఎక్కడిది? ఆమెను ఉద్యోగినిగానే లెక్కించరు.

తండ్రికి పక్షం రోజులు

పురుష ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు 2005 సెప్టెంబరు 16న జీవో నంబరు 231తో వచ్చింది. తల్లి సెలవును 2010లో, 2025లో సవరించినప్పుడు తండ్రి సెలవు గడువు పెరగలేదు. పురిటికి పుట్టింటికి పంపే ఆనవాయితీ ఉన్న ప్రాంతంలో తండ్రికి సెలవెందుకన్న ప్రశ్న సహజమే. కానీ కాలం మారింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 42.4 శాతం ప్రసవాలు శస్త్రచికిత్సతో జరిగినవే. కుట్లు మానకముందే ఇంటి పని, పెద్ద బిడ్డ ఆలనాపాలనా తల్లిపై పడుతున్నాయి. అత్తమామలో, పుట్టింటివారో దగ్గర లేని ఇళ్లలో తోడుండేది భర్త ఒక్కడే. స్వీడన్‌ 1974లోనే తల్లిదండ్రులు పంచుకునే సెలవును తెచ్చింది. మన దేశంలో సిక్కిం ప్రభుత్వం 2023లో తల్లికి ఏడాది, తండ్రికి నెల రోజుల సెలవు ప్రకటించింది.

ఖర్చు మాటేమిటి?

ఖజానాపై భారం, పని కుంటుపడటం అన్నవి ప్రధాన అభ్యంతరాలు. రెండోది తోసిపుచ్చదగినది కాదు. ఏకోపాధ్యాయ పాఠశాలలో టీచరు ఆరు నెలలు సెలవు పెడితే నష్టపోయేది పిల్లలే. ప్రత్యామ్నాయం చూపకుండా ఇచ్చే సెలవు తోటి సిబ్బందికి బరువు, తీసుకున్నవారికి నింద. దీనికి మార్గం సెలవు తగ్గించడం కాదు. నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల డివిజన్లలో తాత్కాలికంగా పంపేందుకు కొందరు సిబ్బందిని సిద్ధంగా ఉంచుకోవడం. ఇక ఖర్చు విషయానికొస్తే, ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఉద్యోగి ఈ సెలవు వాడుకునేది ఒకటి రెండు సార్లే.

పైగా రాష్ట్రంలో సంతాన సాఫల్య రేటు 1.7కు తగ్గినట్లు అదే సర్వే తెలిపింది. ఇద్దరికి మించి పిల్లలున్న వారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను 2024లో రద్దు చేశారు. ఎక్కువ మందిని కనాలని పాలకులే పిలుపునిస్తున్నారు. కనమని చెప్పే సర్కారు పెంచేందుకు వ్యవధి ఇవ్వకపోతే ఆ పిలుపునకు విలువ ఉండదు.

చేయాల్సింది ఇదీ

శాశ్వత, ఒప్పంద, పొరుగుసేవల, పారితోషిక సిబ్బంది అందరికీ వర్తించేలా ఒకే ఉత్తర్వు రావాలి. గుత్తేదారు చందా కట్టని పక్షంలో ముందుగా ప్రభుత్వ శాఖే భృతి చెల్లించి, ఆపై అతని నుంచి రాబట్టాలి. తండ్రి సెలవును కనీసం నెల రోజులు చేయాలి. కులభేదం లేకుండా అందరినీ ఒకే చాపపై కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడి గడ్డ ఇది. ఇక్కడి ప్రభుత్వ కార్యాలయంలో పుట్టిన బిడ్డల మధ్య తల్లి కొలువును బట్టి తేడా చూపడం తగదు. జిల్లా ప్రజాప్రతినిధులు ఈ అంశాన్ని శాసనసభలో ప్రస్తావించాల్సిన అవసరం ఎంతైనా ఉంది.