గోడల్లేని ఇంట్లో వెలుగు

కొత్త ఫ్లాటు తీసుకున్నవాళ్లు గోడల రంగు గురించి నెలల తరబడి మాట్లాడుకుంటారు. షేడ్ కార్డు ఇంటిల్లిపాది చేతులూ తిరుగుతుంది. అమెరికాలో ఉన్న తమ్ముడికి వాట్సాప్‌లో ఫొటోలు వెళ్తాయి, పెయింటరు తనకు తోచింది తాను చెబుతాడు. లైట్ల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ‘పాయింట్లు ఎక్కడెక్కడ పెట్టమంటారు?’ అని ఎలక్ట్రీషియన్ అడగడం, పది నిమిషాల్లో అంతా తేలిపోవడం. ఈ వరస మారాలి. హాలు, డైనింగు, వంటగది అన్నీ కలిసి ఒకే గదిగా ఉంటున్న ఇప్పటి ఇళ్లలో మరీ మారాలి.

గదుల మధ్య గోడలు తీసేయాలన్న ఆలోచన కొత్తది కాదు. షికాగోలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన రోబీ హౌస్ 1910 నాటికే పూర్తయింది. కూర్చునే చోటికీ భోజనాల చోటికీ మధ్య అక్కడ చలిమంట గూడు తప్ప నిండు గోడ లేదు. మనకూ మండువా లోగిళ్లు ఉన్నాయి. అయితే మండువాలో వెలుగు నడినెత్తి నుంచి దిగి నాలుగు వైపులా పరుచుకునేది. ఫ్లాటులో వెలుగుకు దారి ఒక్కటే, బాల్కనీ తలుపు. దాని పక్కన సోఫాలో కూర్చుంటే కళ్లు చిట్లించుకోవాలి. డైనింగ్ టేబులు దాటేసరికి మసక. ఒకే డబ్బాలోంచి తీసి వేసిన రంగు ఆ చివర ఒకలా, ఈ చివర మరోలా కనిపించడం పెయింటరు తప్పు కాదు.

చీకటి మూలకు తెల్లరంగు వేస్తే వెలుగు వస్తుందని చాలామంది నమ్మకం. తెలుపు తనంతట తాను వెలుగు పుట్టించదు. తన మీద పడినదాన్ని తిప్పి పంపుతుంది, అంతే. పడేదే కొద్దిగా ఉన్నచోట అచ్చ తెలుపు బూడిదరంగుకు తిరిగి, ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా కనిపిస్తుంది. అలాంటి మూలకు మీగడ రంగో, కాస్త పసుపు కలిసిన లేత గోధుమ రంగో నప్పుతుంది. సున్నం వేసే రోజుల్లో పెద్దవాళ్లకు ఈ ఎరుక ఉండేది. సున్నంలో కొద్దిగా నీలిమందు కలిపితే పచ్చదనం విరిగి తెలుపు మెరిసేది. గోడ అడుగున ఎర్రమట్టి పట్టీ, తెలంగాణలోనైతే జాజు, వాన చినుకుల మరకను కప్పడమే కాక గోడ ఎక్కడ మొదలవుతుందో కంటికి చెప్పేది. గడపకు పసుపు పూసింది లక్ష్మీకళ కోసమే కావచ్చు, కానీ సంజె వెలుగులో అడుగు ఎక్కడ పెట్టాలో కూడా దాన్ని చూసే తెలిసేది.

చీర కొనేటప్పుడు కొట్టు గుమ్మం దాకా తీసుకెళ్లి, పగటి వెలుగులో కొంగు పరిచి చూడనిదే మన ఆడవాళ్లు డబ్బు చెల్లించరు. గోడ రంగు దగ్గర ఆ జాగ్రత్త ఎందుకు వదిలేస్తామో తెలియదు. షేడ్ కార్డులో బొటనవేలంత ఉన్న ముక్క గోడంతా పరుచుకున్నాక చిక్కబడుతుంది, ఎదురెదురు గోడలు ఒకదాని రంగును ఒకదాని మీద పోసుకుంటాయి. నచ్చిన రెండు మూడు రంగులు చిన్న డబ్బాల్లో తెచ్చి, పెద్ద అట్టల మీద రెండేసి కోట్లు వేసి ఆరనివ్వాలి. ఆ అట్టను బాల్కనీ పక్కన, టేబులు దగ్గర, పొయ్యి వెనక ఆనించి పొద్దున, మధ్యాహ్నం చూడాలి. రాత్రి లైటు వేసి మళ్లీ చూడాలి. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఆ ఇంట్లో మెలకువగా గడిపేది ఎక్కువగా దీపాల వెలుగులోనే కాబట్టి ఆఖరి చూపే అసలైనది.

ఆ దీపం సంగతి. పాత గుండ్రటి బల్బు వెలుగు దాదాపు 2700 కెల్విన్, పసుపుఛాయ. మనకు బాగా అలవాటైన తెల్ల ట్యూబులైటుది 6500, నీలిఛాయ. ఈ రెంటికీ నడుమ 4000 ఉంది. 2015 జనవరి 5న మొదలైన ఉజాలా పథకం కింద దేశమంతటా 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచారు. 60 వాట్ల బల్బు చేసే పనిని 9 వాట్లలో చేయించి కరెంటు బిల్లులు తగ్గించిన మేలు అది. తెల్లగా ఉంటేనే ఎక్కువ వెలుగన్న భావన మాత్రం మనలో ఇంకా పోలేదు. ఎంత వెలుగన్నది ల్యూమెన్ల లెక్క, ఏ ఛాయ అన్నది కెల్విన్ లెక్క. రెండూ డబ్బా మీదే ఉంటాయి. మూడో అంకె సీఆర్‌ఐ. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో అది చెబుతుంది. పాత బల్బుకు 100, మామూలు ఎల్‌ఈడీలకు 80 చుట్టుపక్కల. వంటగట్టు మీదికి, భోజనాల బల్ల మీదికి 90 దాటినది తెచ్చుకుంటే పండుమిరప పచ్చడి ఎర్రగా, తోటకూర పచ్చగా కనిపిస్తాయి. ధర కాస్త ఎక్కువే, అయినా తెచ్చుకోదగ్గదే.

వంటగది గోడ పోయాక ఎక్కువ ఇబ్బంది పడుతున్నది వండే మనిషే. ఫాల్స్ సీలింగులో వరసగా డౌన్‌లైట్లు అమర్చుతారు. అవి ఆమె వీపు వెనక ఉంటాయి. గట్టు ముందు నిలబడితే ఆమె నీడే కత్తిపీట మీద పడుతుంది. వంకాయ కోసి పుచ్చు ఉందో లేదో చూడటానికి పక్కకు జరగాలి, కందిపప్పులో రాళ్లు ఏరడానికి పళ్లెం తీసుకుని బాల్కనీ వైపు నడవాలి. హాల్లో లక్షలు పోసి వెలుగు నింపిన ఇంట్లోనూ ఇదే తీరు. పై అరల అడుగున సన్నటి ఎల్‌ఈడీ పట్టీ ఒకటి బిగిస్తే నీడ పోతుంది. పట్టీ ఖర్చు మిగతా అలంకారంతో పోలిస్తే చాలా తక్కువ. తాలింపు ఆవిరి, పసుపు చేతి మరకలు హాలు గోడ దాకా వస్తాయి కనుక ఆ పక్క గోడకు తుడిస్తే పోయే రకం పెయింటు వేయించుకోవడం మంచిది.

పెద్దవాళ్ల గురించి కూడా ఆలోచించాలి. వయసుతో కనుపాప చిన్నబడుతుంది, కటకం పసుపుబారుతుంది. ఇరవై ఏళ్లవారి రెటీనాను చేరే వెలుగులో అరవై ఏళ్లవారికి చేరేది సుమారు మూడో వంతే. మనకు చాలినంత ఉందనిపించే హాలు నాన్నగారికి మసకగా ఉంటుంది. అలాగని కళ్లలో గుచ్చే దీపం పెడితే నున్నటి టైల్స్ మీద అది మెరిసి మరింత తికమక పెడుతుంది. ఆయన పేపరు చదివే కుర్చీ పక్కన నిలువు దీపం ఒకటి, బాత్రూము దారిలో నేలకు దగ్గరగా చిన్న దీపం ఒకటి ఉంటే బాగుంటుంది. గోడ, తలుపు, నేల అన్నీ ఒకే లేత రంగులో ఉన్న ఇల్లు ఫొటోలో అందంగానే ఉంటుంది. ద్వారబంధం ముదురు రంగులో ఉంటే మాత్రం ఆయన చేయి తడుముకోవలసిన పని ఉండదు.

గోడ ఉన్న రోజుల్లో ఒకరి వెలుగు మరొకరికి అడ్డొచ్చేది కాదు. అమ్మాయి పరీక్షకు చదువుకుంటుంటే పక్కగదిలో తాతయ్య కునుకు తీసేవాడు. ఇప్పుడు ఒక స్విచ్ నొక్కితే మొత్తం వెలుగుతుంది, ఒక స్విచ్ ఆపితే మొత్తం చీకటి. 2002లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ బెర్సన్ బృందం కంటిలో చూపుకు కాక, ముఖ్యంగా శరీర గడియారానికి పనికొచ్చే కణాలు వెలుగుకు నేరుగా స్పందిస్తాయని చూపింది. అవి నీలిఛాయకు బాగా మేల్కొంటాయి. రాత్రి పది గంటలకు హాలంతా 6500 వెలుగులో మునిగి ఉంటే పసివాళ్లకు నిద్ర రాలేదని వాళ్లను కోప్పడటం న్యాయం కాదు. ఒకే గదిలో టేబులుకు ఒక స్విచ్, సోఫాకు ఒకటి, గట్టుకు ఒకటి, దేవుడి గూటికి ఒకటి ఉండాలి. రాత్రి వేళ వెలిగేవి పసుపుఛాయవి కావాలి. గోడ తీసేసినప్పుడు పోయిన ఏకాంతంలో కొంతైనా ఈ విడివిడి స్విచ్‌లు తిరిగి ఇస్తాయి.

ఇల్లు కట్టించేవారికి, ఫ్లాటులో పనులు మొదలుపెట్టేవారికి ఒక విన్నపం. షేడ్ కార్డు తెరవక ముందే ఇంట్లో అందరికన్నా ముందు లేచేవారినీ, పగలంతా ఇంట్లో ఉండేవారినీ కూర్చోబెట్టి వాళ్లకు ఏ వేళ, ఎక్కడ, ఎంత వెలుగు కావాలో అడగండి. వైర్ల పైపులు వేయడానికి గోడ కోస్తున్న రోజుల్లో ఒక పాయింటు అదనంగా పెట్టించడం తేలిక. లప్పం, ప్రైమరు, రెండు కోట్లు అయిపోయాక అదే పాయింటు కోసం గోడ పగలగొట్టాలి.