మాట లేని పాట



మా మామగారు గతించినది మొదలు మా అత్తగారికి రాత్రులు నిద్ర లేదు. వారిది కొల్లేటి నడుమ లంకగ్రామము. ఏలూరునకు మా యొద్దకు వచ్చి రెండేండ్లయినది. తాడేపల్లిగూడెమున నున్న మా ఆడుబిడ్డ కుమారుడు ఈ సంగతి విని, మా ఫోనునకు కొన్ని పాటలు పంపెను. అన్నియు సినిమాపాటలే, కాని పాడువారి గొంతు లేదు. పియానో, వయొలినులు, వేణువు కలిపి, తాళపు దెబ్బ తీసివేసి, నడక మందగింపజేసి, నిద్రకొరకే కూర్చినవట.

మేము మొదట నవ్వుకొంటిమి. సాహిత్యము తీసివేసిన పాట ఉప్పు లేని పప్పు గదా యని! అయితే శిశువునకును, పశువునకును గూడ గానమునందు రుచి కలదని పెద్దలు చెప్పిరి. ఆ యిద్దరికిని మాటల యర్థముతో పనిలేదు. ఈ మధ్య, 2022లో, కోక్రేన్ సంస్థవారు 1007 మందిపై జరిగిన 13 పరిశోధనలను పరిశీలించి, నిద్రలేమి గలవారికి సంగీతశ్రవణమువలన నిద్ర కొంత మెరుగుపడవచ్చునని తేల్చిరి. మాటలేని నాదము మనకు క్రొత్తయు గాదు. ద్రాక్షారామమున బుట్టిన ఈమని శంకరశాస్త్రిగారు ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందమును నడపిరి. వారి శిష్యులు చిట్టిబాబుగారు వీణపై కోయిలను కూయించిరి. మన పాలకొల్లున 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్, కెనడా దేశీయుడగు మైకేల్ బ్రూక్‌తో గూడి 1995లో 'డ్రీమ్' అను ఆల్బము వెలువరించెను.

మా అత్తగారికి ఇవి యేవియు చెప్పలేదు. దీపమార్పి పాట పెట్టితిమి. మొదటిది తోడిరాగపు ఛాయ గలది, పియానోపై వాయించినది. కొంతసేపు విని, "ఇదేమిటే అమ్మాయీ, ఎవరో మెట్లు దిగుతున్నట్టుంది" అనిరి. ఎంత నిజము! తోడిలో గాంధారము కంపింపవలెను. పియానోలో స్వరమునకొక మెట్టు. రెంటికిని నడుమ త్రోవ లేదు. వీణకును మెట్లున్నవి, కాని తంతిని ప్రక్కకు లాగి స్వరమునుండి స్వరమునకు జారవచ్చును. పాట మాటలను విడిచి బ్రతుకగలదు గాని గమకమును విడిచి బ్రతుకజాలదని మా తలంపు. ఇంతలో నడుమ నొక ప్రకటన పెద్దగా మ్రోగి ఇల్లంతయు లేపినది. మీరు పెట్టుదురేని ముందుగా ఆ పీడ వదలించుకొనుడు.

రెండవ రాత్రి వీణపై వాయించిన 'లాహిరి లాహిరి' పెట్టితిమి. 1957 నాటి 'మాయాబజార్' చిత్రమున ఘంటసాల, పి. లీల పాడిన పాట. మోహనరాగము, స్వరములైదే. పెట్టుటకు మాకు భయముగనే యుండెను. మామగారు బ్రతికియున్నపుడు దోనెలో గెడ వేయుచు పాడుచుండెడి పాట యది. వారు పోయిన నెలలో రేడియోలో వచ్చినపుడు అత్తగారు, "ఆ గొంతు ఆపమ్మాయీ, వినలేను" అని లోపలికి వెడలిపోయిరి. అటుపిమ్మట మా యింట ఘంటసాలవారి పాట మ్రోగలేదు.

వీణ మొదలుకాగా అత్తగారు గోడవైపు తిరిగి పడుకొనిరి. ఆపుమనలేదు. వద్దని గాని, కావలెనని గాని అనలేదు. మరునాడును, ఆ మరునాడును అదియే పెట్టితిమి.

నాలుగవ రాత్రి చీకటిలో సన్నని గొంతు వినబడెను. అత్తగారు వీణవెంట మాటలు చేర్చి పాడుచుండిరి. గొంతు పలుకక కొన్ని స్వరములు విరుగుచుండెను. చరణమున నొకచోట ఆగి, "తరువాతి మాట ఏమిటే?" అని యడిగిరి. మాకు తెలియును, అయినను చెప్పలేదు. వీణ ముందునకు సాగిపోయినది. కొంతసేపటికి వారే యందుకొనిరి.

ఆ రాత్రి వారెప్పుడు నిద్రించిరో మేమెరుగము. మేమే ముందుగా నిద్రపోతిమి.