బండి కొనుటకు ముందు లోడు లెక్కించండి



ఈ నెల మన కుటుంబ శీర్షికలో బండి సంగతి మాట్లాడుకుందాం. మన పల్లెల్లో చాలా ఇండ్లలో ఈ మాట నడుస్తోంది. ఇంటర్ చదివి డ్రైవింగు నేర్చుకున్న కుమారుడు, "నాన్నా, ఒక పికప్ తీసి పెట్టండి, నేనే నడుపుకుంటాను" అంటాడు. ఉప్పో, ఎండుచేపలో, కొబ్బరికాయలో అమ్ముకునే తండ్రి, "కిరాయిలకే లాభమంతా పోతోంది, సొంత బండి ఉంటే బాగుణ్ణు" అనుకుంటాడు. ఇద్దరూ తల్లి మెడలోని గొలుసు వైపు చూస్తారు. ఆ తరువాత, టాటా తీద్దామా, మహీంద్రా తీద్దామా, లేలాండ్ తీద్దామా అని వాదన మొదలవుతుంది.

బండ్ల పోలిక మంచిదే. దానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. మనకు సంవత్సరములో ఎన్ని ట్రిప్పుల లోడు ఉన్నది? గోపురము కట్టబోయే మనిషి ముందుగా ఖర్చు చూసుకోవాలన్న ఉపమానము లూకా సువార్త 14వ అధ్యాయములో చదివిన మనకు ఈ పద్ధతి కొత్త కాదు. ఆ లెక్క తేలితే ఏ బండి అనేది, కొనాలా కిరాయికి తీసుకోవాలా అనేది, రెండూ తేలిపోతాయి.

లోడుకు కాలములున్నవి, వాయిదాకు లేవు

నౌపడ ఉప్పు ఎండాకాలపు పంట. వానలు పడితే మడులలో పని ఆగిపోతుంది. కుప్ప వేసి కప్పి ఉంచిన ఉప్పు మాత్రమే అటు తరువాత కదులుతుంది. అందులోనూ గూడ్సు రైలుకు, పెద్ద లారీకి వెళ్లే ఉప్పు వేరు. సంతలకు, ఊరి దుకాణములకు వెళ్లేదే చిన్న బండికి దొరికే లోడు. చేపల సంగతి చూస్తే, ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవలకు వేట నిషేధము. జీడిపిక్కలు వేసవిలో వస్తాయి. ధాన్యము కోతల తరువాత కదులుతుంది. ఉద్దానము కొబ్బరి ఒక్కటే సంవత్సరమంతా కొంచెము కొంచెము దొరికే లోడు.

నెల వాయిదాకు ఈ కాలములేవీ తెలియవు. శ్రావణములోనూ అంతే, సంక్రాంతికీ అంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరము దాటినప్పుడు ఉద్దానములో కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. కొబ్బరి మొక్క తిరిగి కాపుకు రావడానికి ఏండ్లు పడుతుంది. ఆ తోటల లోడును నమ్ముకుని అప్పు చేసినవారి పరిస్థితి ఎవరికి వారే ఊహించుకోవచ్చు.

లోడు ఒక్క చేతి నుండే వస్తుంటే మరింత జాగ్రత్త అవసరము. మన రాష్ట్రములో ఇంటింటికి రేషను ఇచ్చుటకు 2021 జనవరి 21న 9,260 చిన్న బండ్లు ప్రారంభమైనవి. బండి ధరలో 60 శాతము ప్రభుత్వ సబ్సిడీ, 30 శాతము బ్యాంకు అప్పు, 10 శాతము మాత్రమే నడిపేవాని వాటా. అంతకంటె సులువైన షరతులు ఎక్కడ దొరుకుతాయి? అయినా 2025 జూన్ 1 నుండి సరుకులు మళ్లీ రేషను దుకాణములలోనే ఇవ్వసాగారు. బండి మిగిలింది, దాని పని పోయింది. ఆ నిర్ణయము మంచిదా కాదా అనేది ఇక్కడ మన విషయము కాదు. లోడు ఇచ్చే చెయ్యి ఒక్కటే అయితే, ఆ చెయ్యి ముడుచుకున్న రోజున మనకు రెండో దారి ఉండాలి. 2023 ఏప్రిల్‌లో మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన జరిగిన తరువాత ఆ పనిని నమ్ముకుని బండి తీయాలనుకునేవారు కూడా ఈ మాట ఆలోచించాలి. పని దొరికిన తరువాత బండి తీయవచ్చును. బండి తీసి పని కోసము కాచుకోవడము కష్టము.

మన ఊరి రైలు చరిత్రలోనే దీనికి సాక్ష్యమున్నది. నౌపడ నుండి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో మొదలైంది. పర్లాకిమిడి రాజావారు సుమారు 7 లక్షల రూపాయలు పెట్టి వేయించారు. మొదటి ఏండ్లలో ఆ లైను నష్టములోనే నడిచింది. 1910 తరువాత గాని కొద్దిపాటి లాభము కనబడలేదు. రాబడి బాగా నిలదొక్కుకున్న తరువాతనే దానిని 1929లో, 1931లో గుణుపురము వైపు పొడిగించారు. రాజావారు గనుక పదేండ్లు ఓర్చుకోగలిగారు. ఫైనాన్సు వాళ్లు మనకు మూడు నెలలు కూడా ఆగరు.

ఏ బండి ఏ పనికి

ఇప్పుడు పోలికకు వద్దాం. ఈ బండ్లను మోసే బరువును బట్టి మూడు వరుసలుగా చూడవచ్చు.

మొదటి వరుసలో ముప్పాతిక టన్ను బండ్లు. 2005లో వచ్చిన టాటా ఏస్, 2016లో వచ్చిన మారుతి సూపర్ క్యారీ ఈ వరుసలోనివి. 50 కిలోల బస్తాలైతే సుమారు 15. ఇరుకు సందుల్లో తిరుగుతాయి, ధర తక్కువ, టైర్లు చిన్నవి. దుకాణములకు సరుకు వేయడానికి, కూరగాయలకు, సంత సామానుకు ఇవి చాలు.

రెండవ వరుసలో 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్, 2019లో వచ్చిన టాటా ఇంట్రా. దోస్త్ సుమారు టన్నుంపావు మోస్తుంది, అనగా 25 బస్తాలు. ఇంట్రాలో వి30 రకము 1.3 టన్నులు, వి50 రకము టన్నున్నర మోస్తాయి. కొబ్బరికాయలు, చేపల పెట్టెలు వేసుకుని రోజూ హైవే మీద శ్రీకాకుళమో, విశాఖపట్నమో వెళ్లేవారికి ఈ వరుస కుదురుతుంది.

మూడవ వరుసలో మహీంద్రా బొలేరో పికప్, టాటా యోధ. బొలేరో పికప్‌లో 1.7 టన్నుల రకమైతే 34 బస్తాలు. యోధలో 2022లో వచ్చిన 2 టన్నులు మోసే రకము కూడా ఉన్నది. ఇంజను పెద్దది, ఘాటీ రోడ్లకు, ఇటుక, సిమెంటు, ఇనుము వంటి బరువు సరుకులకు తగినది. ఖాళీగా తిరిగినా డీజిలు ఎక్కువే తాగుతుంది. వారానికి రెండుసార్లే నిండా లోడు దొరికేవాడు ఈ బండి తీస్తే, మిగిలిన రోజులు ఖాళీ తొట్టిని మోస్తూ తిరగవలసి వస్తుంది.

చిన్న బండి తీసి పెద్ద లోడు వేయడము దీనికంటె కీడు. మోటారు వాహనముల చట్టము 2019 సవరణ తరువాత అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పైగా ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూడకపోయినా కమాను పట్టీలు, టైర్లు, బ్రేకులు ఆ జరిమానా వసూలు చేస్తాయి.

కాగితముల విషయము కూడా పోలికలో చేర్చండి. మొత్తము బరువు, అనగా బండి బరువూ లోడూ కలిపి, 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిటు అక్కరలేదు. పెద్ద పికప్పులలో కొన్ని ఆ హద్దు దాటుతాయి. పర్లాకిమిడి, గుణుపురము వైపు బేరమున్నవారు ఒడిశా పన్నుల సంగతి ముందుగానే రవాణా కార్యాలయములో అడిగి తెలుసుకోండి. లైసెన్సు మాట చూస్తే, మొత్తము బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా బండిని మామూలు కారు లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు 2024 నవంబరులో స్థిరపరచింది. ఇది మన యువకులకు మేలు.

ఉప్పు వేసేవారికి ఒక మాట. ఉప్పు నీరు ఏ కంపెనీ ఇనుమునైనా ఒక్కలాగే తింటుంది. తొట్టి అడుగున మందపాటి టార్పాలిన్ పరచి, ట్రిప్పు అయ్యాక అడుగు భాగమంతా మంచినీటితో కడగకపోతే నాలుగేండ్లలో తొట్టి చిల్లులు పడుతుంది. అమ్మబోతే ధర పలకదు.

కొంటే ఎంత, కిరాయికైతే ఎంత

ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు మీ ఊరిని బట్టి మార్చుకోండి, పద్ధతి మాత్రము ఇదే.

బండి రోడ్డు మీదికి రావడానికి 9 లక్షలు అనుకుందాం. చేతి నుండి 2 లక్షలు కట్టి, 7 లక్షలు నాలుగేండ్ల వాయిదాలకు తీసుకున్నారు. ఫైనాన్సు వాళ్లు "తొమ్మిది శాతమే" అన్నారు. ఇక్కడే జాగ్రత్త. అది ఫ్లాట్ వడ్డీ అయితే, తీరిపోయిన అసలు మీద కూడా చివరి నెల దాకా వడ్డీ కడుతూనే ఉంటారు. నాలుగేండ్లకు వడ్డీ 2,52,000. నెల వాయిదా 19,833. బ్యాంకు లెక్కలో, అనగా తగ్గుతున్న అసలు మీద చూస్తే, అది సుమారు 16 శాతము. గనుక "ఫ్లాటా, తగ్గే అసలు మీదా?" అని నోరు తెరిచి అడగండి. నెలకు ఎంత, మొత్తము ఎంత అనేది కాగితము మీద వ్రాయించుకోండి.

వాయిదాకు తోడు ఇన్సూరెన్సుకు నెలకు 3,000, టైర్లకు, మరమ్మతులకు 4,000, పన్నుకు, ఎఫ్‌సీకి 1,000 తీసి పెట్టాలి. మొత్తము సుమారు 28,000. బండి కదలకపోయినా ఈ ఖర్చు తప్పదు.

ఇప్పుడు ట్రిప్పు లెక్క. కిరాయి బండికి ట్రిప్పుకు 2,200 ఇస్తున్నారనుకోండి. సొంత బండి అయితే డీజిలు, బత్తా కలిపి 900 అవుతుంది. ట్రిప్పుకు మిగిలేది 1,300. 28,000ను 1,300తో భాగిస్తే 22 వస్తుంది. అనగా నెలకు 22 ట్రిప్పులు, సంవత్సరానికి 264 ట్రిప్పులు మన సొంత సరుకే ఉన్నప్పుడు సొంత బండికీ కిరాయి బండికీ ఖర్చు సమానమవుతుంది. అంతకు తక్కువైతే కిరాయే లాభము. నెలకు ఎనిమిది ట్రిప్పుల సరుకు ఉన్నవాడు కిరాయికి 17,600 ఇస్తూ "దండుగ" అని బాధపడతాడు. వాడే బండి కొంటే 35,200 ఖర్చవుతుంది.

బండిని కిరాయికి తిప్పి బ్రతుకుదామనుకునే కుమారునికి లెక్క ఇంకా కఠినము. 22 ట్రిప్పులతో బండి ఖర్చు తీరుతుంది, ఇంట్లో బియ్యానికి రూపాయి రాదు. ఇంటికి 13,000 కావాలంటే మరి పది ట్రిప్పులు, మొత్తము 32. వానల నెలల్లో కూడా 32 దొరుకుతాయా? ఈ ప్రశ్నకు షోరూములో జవాబు దొరకదు. మీ ఊరి కూడలిలో లోడు కోసము నిలబడిన బండ్లను నాలుగు రోజులు చూసి రండి.

2025 సెప్టెంబరు 22 నుండి సరుకు బండ్ల మీద జి.ఎస్.టి. 28 శాతము నుండి 18కి తగ్గింది. ధర తగ్గడము మంచిదే. ధర తగ్గినంత మాత్రాన ట్రిప్పులు పెరగవు.

లీజు, పాత బండి, జామీను

కొనుటకు, ట్రిప్పు కిరాయికి మధ్య ఇంకొక దారి ఉన్నది. సీజను వరకు, ఉదాహరణకు నాలుగు నెలలకు, ఒక బండిని నెల లెక్కన లీజుకు తీసుకోవచ్చు. ఎండాకాలపు వ్యాపారమున్నవారికి ఇది అనువైనది. మరమ్మతు ఎవరిది, ఇన్సూరెన్సు ఎవరు కట్టాలి, ప్రమాదము జరిగితే బాధ్యత ఎవరిది, ముందుగా ఇచ్చిన సొమ్ము ఎప్పుడు తిరిగి వస్తుంది అనే నాలుగు సంగతులూ కాగితము మీద ఉండాలి. బంధువు బండి అయినా సరే వ్రాసుకోండి. కాగితము ఉన్నచోట బంధుత్వము నిలుస్తుంది.

పాత బండి కొంటే ఫైనాన్సు తీరినట్టు కంపెనీ ఇచ్చే పత్రము చూడండి, ఆర్.సి. వెంటనే మీ పేరున మార్పించుకోండి. అమ్మినవారికీ ఇదే మాట. కార్యాలయ రికార్డులో ఎవరి పేరున్నదో వారే ప్రమాద పరిహారమునకు బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. సంతకాలు పెట్టిచ్చి చేతులు దులుపుకుంటే, ఎవరో చేసిన ప్రమాదానికి మీ పొలము పోవచ్చు.

ముందు సొమ్ము కోసము డ్వాక్రా అప్పు వాడేవారున్నారు. ఆ అప్పుకు తోటి స్త్రీలందరూ పూచీ. వాయిదా తప్పితే వారి మధ్య మీ భార్య తలదించుకోవలసి వస్తుంది. జామీను సంతకము కూడా అటువంటిదే. సహోదర ప్రేమతో పెట్టవచ్చు, కాని అవసరమైతే ఆ అప్పు నేనే తీర్చగలనా అని అడుగుకుని పెట్టండి.

తొట్టిలో మనుషులు వద్దు

చివరగా ఒక గట్టి మాట. బండి రాగానే పెండ్లికి, కూడికకు, పండుగకు జనాన్ని తొట్టిలో ఎక్కించడము మన దగ్గర అలవాటు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు ఇన్సూరెన్సు కంపెనీ పరిహారము ఇవ్వనక్కరలేదని సుప్రీంకోర్టు 2002లోనే తీర్పు చెప్పింది. సరుకుతోపాటు క్యాబినులో కూర్చున్న సరుకు యజమానికి రక్షణ ఉన్నది, తొట్టిలో నిలబడిన ఇరవై మందికి లేదు. ప్రాణము పోతే తిరిగి రాదు. పరిహారము బండివాని ఇల్లు అమ్మి కట్టవలసి వస్తుంది. మన కూడికలకు వచ్చేవారు బస్సులోనో, ఆటోలోనో రావాలి. బండి ఉన్న సహోదరుని ఈ విషయములో మొగమాట పెట్టవద్దు.

కాబట్టి ప్రియులారా, ఒక నోటుపుస్తకము కొనండి. ఈ రోజు నుండి ఒక సంవత్సరము, పోనీ ఆరు నెలలైనా, కిరాయికి ఇచ్చిన ప్రతి ట్రిప్పు తేదీతో వ్రాయండి: ఎన్ని బస్తాలు, ఎంత దూరము, ఎంత ఇచ్చారు. ఆ పుస్తకము ముందు పెట్టుకుని ఒక సాయంకాలము ఇంటిల్లిపాదీ కూర్చోండి. తల్లిని కూడా మాట్లాడనివ్వండి, గొలుసు ఆమెది. ట్రిప్పులు చాలినన్ని ఉంటే ధైర్యముగా కొనండి. సొంత బండి కష్టపడే కుటుంబమును పైకి తెస్తుంది. చాలకపోతే కిరాయి బండినే పిలవండి, అందులో చిన్నతనము లేదు. ఎవరి గుమ్మము ముందు బండి ఉన్నదో ఊరు చూస్తుంది. వానాకాలములో ఏ ఇంట నిద్ర పడుతోందో ఆ ఇంటివారికే తెలుసు.