కాఫీ గింజనుండి ఔషధము వరకు

చైనాలోని కున్‌మింగ్ వృక్షశాస్త్ర సంస్థ పరిశోధకులు వేయించిన అరబికా కాఫీ గింజలనుండి మూడు నూతన సమ్మేళనములను వేరుచేసి, వానికి కాఫాల్డిహైడ్ ఎ, బి, సి అని పేరులిడి, 2025లో లోకమునకు ప్రకటించిరి. పిండిపదార్థములను చక్కెరగా విడగొట్టుటకు తోడ్పడు ఆల్ఫా గ్లూకోసిడేజ్ అను ఎంజైమును ఇవి ప్రయోగశాలలో నిరోధించినవి. మధుమేహ రోగులకు వైద్యులు వ్రాసియిచ్చు అకార్బోజ్ మాత్ర చేయు పనియు నిదియే కావున, ఇంటింటను చక్కెరవ్యాధి మాట వినవచ్చుచున్న ఈ కాలమున ఈ వార్త ఆశ గొలుపుట సహజము. కాని ఎంజైమును నిరోధించిన పదార్థమును అప్పుడే మందని నమ్మి, కాఫీ త్రాగినచో చక్కెర తగ్గునని చాటుట శాస్త్రమునకు అపచారము, రోగికి అపకారము.

ఆ పరిశోధకుల కృషి స్వల్పమైనది కాదు. గింజల సారమును పెక్కు భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమును ఎంజైముపై ప్రయోగించి చూచి, అణునిర్మాణమును తెలుపు అయస్కాంత అనునాద పద్ధతితో పరిశీలించి, వందలకొలది పదార్థముల నడుమ దాగియున్న మూడింటిని పట్టుకొనుట ఓర్పును నేర్పును కోరు విద్య. అయినను, ఒక కప్పు కాఫీలో వాని పాలెంత, జీర్ణరసములను తట్టుకొని అవి ప్రేవులలో పని చేయగలవా, ఎంత మోతాదున మేలు, ఎంతకు మించిన కీడు అను ప్రశ్నలకు సమాధానము జంతువులపైనను, పిదప మనుష్యులపైనను జరుగు పరీక్షలే చెప్పవలసియున్నది.

కాఫీనుండియే లభించిన కెఫీన్ చరిత్ర ఇందుకు నిదర్శనము. మహాకవి గేటే ఇచ్చిన గింజలతో ఫ్రీడ్‌లీబ్ రుంగే అను యువ రసాయనవేత్త 1819లో దానిని వేరుచేసెను. ఆ శతాబ్దాంతమున ఎమిల్ ఫిషర్ దాని అణునిర్మాణమును తేల్చెను. నెలలు నిండక పుట్టిన పసికందులకు, శ్వాసను నడపు మెదడు భాగము పరిపక్వము కాకపోవుటచే, ఉండియుండి ఊపిరి ఆగిపోవుచుండును. ఆ భాగమును మేల్కొల్పుటకు నేడు వైద్యులు వాడు మందు కెఫీనే. పుట్టుకనాటి బరువు 500 మొదలు 1250 గ్రాముల వరకుగల 2006 మంది శిశువులపై పలు దేశములలో జరిగిన పరీక్షయందు, ఈ మందు ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధిని, మస్తిష్క పక్షవాతమును తగ్గించునని 2006, 2007 సంవత్సరములలో రుజువయ్యెను. పదార్థము లభించిన నాటికిని, ఈ ప్రమాణము దొరకిన నాటికిని నడుమ 180 ఏండ్లకు పైగా గడచినవి. ఆ శిశువులకిచ్చినది కాఫీ కాదు. బరువును బట్టి మిల్లీగ్రాములలో లెక్కించిన కెఫీన్ సిట్రేట్.

మరియొక హెచ్చరికయు కలదు. కాఫాల్డిహైడ్లు డైటర్పీన్ కుటుంబమునకు చెందినవి. ఆ కుటుంబములోనిదే రక్తమున కొలెస్టరాలును పెంచు కెఫెస్టాల్. కాగితపు వడపోత దానిని చాలవరకు ఆపివేయును; మన ఇండ్లలోని ఇత్తడి, స్టీలు ఫిల్టర్ల రంధ్రములు కాగితమువలె ఆపజాలవు. ఒకే కుదురునుండి మేలును కీడును పుట్టగలిగినప్పుడు, మేలు కోరి డికాక్షను మోతాదు పెంచుకొను రోగి కీడును కూడ వెంట తెచ్చుకొనవచ్చును. అందులో వేసుకొను చెంచాడు పంచదార మాట సరేసరి.

ఈ విషయము తెలుగువారికి దూరపుది కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలయందు గిరిజనులు మిరియపు తీగల నడుమ పండించు అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. మామిడిలో ప్రసిద్ధమైన మాంజిఫెరిన్ అను పదార్థము అరబికా ఆకులయందును కలదని ఇదివరకే తేలినది. కావున గింజనే గాక ఆకును, పండ్లను ఒలువగా మిగిలిన తొక్కను సైతము శోధింపవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయు, భారతీయ రసాయన సాంకేతిక సంస్థయు, కాఫీ బోర్డు పరిశోధకులును కలిసి ఈ పనికి పూనుకొనుట ఉచితము. దానినుండి ఏనాడైన మందు పుట్టినచో, ఆ తోటలను పెంచిన గిరిజనులకు అందు న్యాయమైన భాగము ముందుగానే వ్రాతమూలకముగా నిర్ణయింపబడవలెను.

అంతవరకు పత్రికలు ఇట్టి వార్తను ప్రకటించునప్పుడు, ఆ పరిశోధన పరీక్షనాళికలో జరిగినదో, ఎలుకలపై జరిగినదో, మనుష్యులపై జరిగినదో మొదటి వాక్యముననే తెలుపవలెను. కాఫీ వర్తకులు చక్కెరవ్యాధి పేరు చెప్పి పొట్లములు అమ్మకుండ ప్రభుత్వము కట్టడి చేయవలెను. రోగి తన వైద్యుడు వ్రాసిన మందును మానరాదు. నిరూపణ కొరకు వేచియుండుటయే పరిశోధకుల శ్రమకు మనము చేయదగిన నిజమైన గౌరవము.