గాలిలోని పుప్పొడి

ప్రబంధకవుల వసంతవర్ణనలలో పుప్పొడికి గౌరవస్థానం ఉంది. మలయమారుతం మోసుకొచ్చే ఆ పరాగం విరహిణులను వేధించేదే గాని రోగులను చేసేది కాదు. ఒకందుకు కవుల ఎన్నిక సరైనదే. తామర, మామిడి వంటివాటి పుప్పొడి జిగటగా ఉండి కీటకాలను ఆశ్రయిస్తుంది. గాలినే నమ్ముకొన్నది గడ్డిజాతి. రంగూ వాసనా లేని ఆ పూలను కవులు అంతగా పట్టించుకోలేదు. మనిషి ముక్కు మాత్రం పట్టించుకొంది.

ఈ సంగతిని నిరూపించినవాడు చార్లెస్ బ్లాక్లీ అనే ఇంగ్లండు వైద్యుడు. వేసవి రాగానే ఎడతెగని తుమ్ములతో, నీరు కారే కన్నులతో బాధపడేవారిలో ఆయన కూడా ఒకడు. ఎండవేడిమి, ఎండుగడ్డి వాసన అందుకు కారణాలని ఆనాటివారు చెప్పుకొనేవారు. బ్లాక్లీ ఆ మాటలతో తృప్తిపడక, గడ్డి పుప్పొడిని తన ముక్కుకే పట్టించి చూశాడు. చర్మం గీరి అద్దుకొన్నాడు. జిగురు పూసిన గాజుపలకలను ఆరుబయట ఉంచి, వాటిపై వాలిన రేణువులను సూక్ష్మదర్శినితో ప్రతిదినం లెక్కించాడు. పలకలను గాలిపటాలకు కట్టి ఆకాశంలోనూ వెదికాడు. 1873లో ఆ ఫలితాలను గ్రంథంగా వెలువరించాడు. తన రోగాన్నే ప్రయోగశాలగా మార్చుకొన్న ఇటువంటివారు అరుదు.

1952లో హర్స్ట్ అనే శాస్త్రజ్ఞుడు నిమిషానికి 10 లీటర్ల గాలిని పీల్చి, అందులోని పుప్పొడినీ, బూజుల సిద్ధబీజాలనూ పట్టి చూపే యంత్రాన్ని రూపొందించాడు.

ఈ లెక్క దేనికని అడిగేవారికి మెల్‌బోర్న్ నగరం సమాధానం చెబుతుంది. గడ్డి పుప్పొడి రేణువు పెద్దది కనుక సాధారణంగా ముక్కులోనే ఆగిపోతుంది. 2016 నవంబరు 21 సాయంత్రం ఉరుములతో వచ్చిన గాలివానలో రేణువులు తేమకు పగిలి, ఊపిరితిత్తులలోకి చొరబడగల సూక్ష్మకణాలయ్యాయి. వేలమంది ఆసుపత్రుల పాలయ్యారు, పదిమంది మరణించారు. మరుసటి సంవత్సరం నుండి అక్కడ ఇటువంటి ఉపద్రవానికి ముందస్తు హెచ్చరికలు వెలువడుతున్నాయి.

తెలుగునాట రహదారుల నడుమ నాటిన కోనోకార్పస్ చెట్లు ఉబ్బసం తెస్తాయని కొందరు, తేవని కొందరు వాదిస్తున్నారు. నరకమన్నవారిలోగాని, కాపాడమన్నవారిలోగాని గాలిని కొలిచి మాట్లాడేవారు కొద్దిమందే. ఈ వాదం ఒకవంక సాగుతుండగా పొలంగట్లపై, బడిగోడల పక్కన వయ్యారిభామ నిశ్చింతగా పూస్తూనే ఉంది. పేరు అందమైనదే, చర్మానికీ శ్వాసకూ అది చేసే కీడు వైద్యులకు ఏనాటినుంచో తెలుసు. చండీగఢ్ నగరంలో ఏ ఋతువున ఏ పుప్పొడి వీస్తుందో తెలిపే పట్టిక 2022లో వెలువడింది. ఉష్ణోగ్రతలాగే పుప్పొడి లెక్క కూడా ప్రతి నగరంలో ప్రతి ఉదయం ప్రకటించవలసినదే. బ్లాక్లీకి ఉన్నవి గాజుపలకలు, సూక్ష్మదర్శిని, కొంత ఓపిక. మొదటి రెండూ కళాశాల వృక్షశాస్త్ర ప్రయోగశాలలో దొరికేవే.