జేబులో పట్టే పుస్తకం
1935లో ఇంగ్లండులో పెంగ్విన్ ప్రచురణ సంస్థ వాళ్లు పది పుస్తకాలను ఒక్కోటి ఆరు పెన్నీలకు అమ్మకానికి పెట్టారు. అప్పట్లో సిగరెట్ పెట్టె ధర ఇంచుమించు అంతే. ఆ పుస్తకాల పొడవు సుమారు 18 సెంటీమీటర్లు, వెడల్పు 11. కోటు జేబులో పట్టేస్తాయి. మనకూ ఎమెస్కో పాకెట్ పుస్తకాలు ఉండేవి. ఇప్పుడు నవలైనా కవితలైనా ఎక్కువగా డెమ్మీ సైజే, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు. చేతిసంచిలో ఇమడని పుస్తకం బస్సెక్కదు, ఇంట్లోనే ఉండిపోతుంది. పెద్దక్షరాలు కావలసిన వాళ్లకు డెమ్మీ ఉండాల్సిందే, కాదనను. కానీ ప్రచురణకర్తలూ, కథల సంపుటాలనైనా చిన్న సైజులో, తేలిక కాగితం మీద, కుట్టు బైండింగుతో వేయండి. కుట్టు లేకుండా నాసిరకం జిగురుతో అతికించిన పుస్తకాన్ని నాలుగుసార్లు పూర్తిగా విప్పితే చాలు, పుటలు ఊడి చేతికొస్తున్నాయి.